జాతి వివక్షా, స్త్రీ వివక్షా? రెండూ ఒకే మనిషి మీద పడినప్పుడు: తరచుగా అడిగే ప్రశ్నలు

జాతి వివక్ష, స్త్రీ వివక్ష కలిసి ఎలా పనిచేస్తాయో తెలుగులో మాట్లాడిన ప్రతిసారీ కొన్ని ప్రశ్నలు తప్పకుండా వస్తాయి. అమెరికా వెళ్ళబోయే పిల్లలు అడుగుతారు, ఏళ్ళ తరబడి అక్కడే ఉంటున్నవాళ్ళూ అడుగుతారు. అడిగినవాళ్ళ మాటల్లోనే ప్రశ్నలు పెట్టి జవాబులు రాశాను. ఎక్కువ ఉదాహరణలు అమెరికా నల్లజాతి మహిళలవే. ఈ విషయాన్ని కోర్టుల దాకా తీసుకెళ్ళి, ఓడిపోయినా వదలకుండా దానికో పేరు పెట్టి లోకం ముందు నిలబెట్టింది వాళ్ళు. జీవితంలో వచ్చే దశలను బట్టి ప్రశ్నలను విడదీశాను. మీకు కావలసిన చోట నుంచి చదువుకోవచ్చు.

## మొదట్లో వచ్చే సందేహాలు

నల్లవాళ్ళ మీద వివక్ష ఉంది, ఆడవాళ్ళ మీద వివక్ష ఉంది. రెండూ కూడితే సరిపోతుంది కదా, కొత్తగా చెప్పేదేముంది?

సరిపోదు. మీలో చాలామంది సాఫ్ట్‌వేర్‌లో ఉన్నారు కాబట్టి ఆ రంగం నుంచే చెబుతాను. 2018లో జాయ్ బువోలమ్విని, టిమ్నిట్ గెబ్రూ అనే ఇద్దరు నల్లజాతి పరిశోధకురాళ్ళు, ఫోటోలో ముఖం చూసి ఆడో మగో చెప్పే మూడు ప్రోగ్రాములను పరీక్షించారు. మూడూ బజారులో అమ్ముతున్నవే. తెల్లని చర్మమున్న మగవాళ్ళ విషయంలో తప్పులు 1 శాతం కూడా రాలేదు. నల్లని చర్మమున్న ఆడవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఒక ప్రోగ్రాములో తప్పులు 34.7 శాతానికి చేరాయి. అంటే ప్రతి ముగ్గురిలో ఒకరిని మగవాడని చెప్పింది.

ఇప్పుడు ఆడవాళ్ళందరినీ ఒక చోట చేర్చి సగటు తీయండి. తెల్లవాళ్ళ మంచి ఫలితం నల్లవాళ్ళ చెడు ఫలితాన్ని కప్పేస్తుంది. నల్లవాళ్ళందరినీ ఒక చోట చేర్చినా అంతే, ఈసారి కప్పేది మగవాళ్ళ ఫలితం. రెండు సగటులూ చూసి "పరవాలేదు" అని సంతకం పెట్టేస్తాం. అన్నిటికన్నా పెద్ద తప్పు మాత్రం ఆ రెండూ కలిసే గడిలో ఉంటుంది, ఆ గడిని విడిగా తెరిచి చూస్తే తప్ప కనపడదు.

ఇంటర్‌సెక్షనాలిటీ అనే మాట ఎవరు పెట్టారు? ఎందుకు పెట్టవలసి వచ్చింది?

జాతి, లింగం లాంటి వివక్షలు ఒకే మనిషి మీద కలిసి పనిచేయడానికి ఆ పేరును కింబర్లీ క్రెన్షా అనే నల్లజాతి న్యాయశాస్త్ర ప్రొఫెసర్ 1989లో పెట్టారు. దాని వెనక ఒక కోర్టు కేసు ఉంది, అది తెలిస్తే మాట దానంతటదే అర్థమవుతుంది.

సెయింట్ లూయిస్‌లో జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీ మీద ఎమా డిగ్రాఫెన్‌రీడ్, ఇంకో నలుగురు నల్లజాతి మహిళలు దావా వేశారు. 1964కు ముందు ఆ కంపెనీ నల్లజాతి ఆడవాళ్ళను పనిలోకి తీసుకోలేదు. తీసుకోవడం మొదలుపెట్టాక మాంద్యం వచ్చింది, చివర చేరినవాళ్ళను ముందు తీసేశారు. 1970 తర్వాత చేరిన నల్లజాతి మహిళలందరి ఉద్యోగాలూ పోయాయి. సీనియారిటీ రూలు పైకి న్యాయంగానే ఉంది. కానీ తలుపు మూసి ఉంచిన కంపెనీయే, మీరు ఆలస్యంగా వచ్చారని బయటికి పంపింది.

1976లో కోర్టు ఏమంది? కంపెనీ 1964కు ముందు కూడా ఆడవాళ్ళను తీసుకుంది కాబట్టి స్త్రీ వివక్ష లేదంది. ఆ ఆడవాళ్ళు తెల్లవాళ్ళు. జాతి వివక్ష సంగతికి వస్తే, నల్లజాతి కార్మికులు వేసిన ఇంకో కేసు ఉంది, అందులో కలవండి అంది. రెండూ కలిపి ఒక ఫిర్యాదుగా తీసుకోవడానికి మాత్రం చట్టం ఒప్పుకోదంది. పై కోర్టు 1977లో ఈ తర్కాన్ని తప్పుపట్టింది గానీ సీనియారిటీ విషయంలో ఆడవాళ్ళు గెలవలేదు.

క్రెన్షా దీన్ని నాలుగు రోడ్ల కూడలితో పోల్చారు. కూడలి మధ్యలో నిలబడ్డ మనిషికి దెబ్బ ఏ వైపు నుంచయినా తగలవచ్చు, రెండు వైపుల నుంచీ ఒకేసారి తగలవచ్చు. ఏ బండి గుద్దిందో ఒక్కటే చెప్పు, అప్పుడే అంబులెన్స్ ఎక్కిస్తాం అన్నట్టుంది ఆ తీర్పు.

ఇది ఈమధ్య యూనివర్సిటీల్లో పుట్టిన ఫ్యాషన్ మాట కదా?

మాట 1989ది. అనుభవం బానిసత్వం నాటిది. బానిసగా పుట్టి బయటపడిన సోజర్నర్ ట్రూత్ 1851లో ఒహాయో రాష్ట్రం ఆక్రన్‌లో జరిగిన మహిళా సభలో లేచి, మగవాడితో సమానంగా దున్నాను, కోశాను, మోశాను అని చెప్పింది. ఆడవాళ్ళు సుకుమారులు కాబట్టి ఓటు వద్దు అనే వాదనలో తనలాంటి ఆడది అసలు లెక్కలోనే లేదని ఆ మాటలతో తేలిపోయింది. (ఆమె పేరుతో ఇప్పుడు బాగా ప్రచారంలో ఉన్న ఉపన్యాస పాఠం పన్నెండేళ్ళ తర్వాత వేరొకరు రాసింది. 1851లోనే పత్రికలో వచ్చిన పాఠం వేరు. కోట్ చేసేవాళ్ళు చూసుకోవాలి.)

పాలీ మరీ జీవితం ఇంకా సూటిగా చెబుతుంది. 1938లో నార్త్ కరొలైనా యూనివర్సిటీ ఆమెకు నల్లజాతి అని సీటు ఇవ్వలేదు. తర్వాత హోవర్డ్‌లో లా చదివి 1944లో క్లాసులో ఫస్టు వచ్చింది. పై చదువుకు హార్వర్డ్‌కు రాస్తే, ఆడవాళ్ళను తీసుకోము అన్నారు. మనిషి ఒక్కతే, చదువు ఒక్కటే. తలుపు మూయడానికి ఒక చోట ఒక కారణం, ఇంకో చోట ఇంకో కారణం దొరికింది.

నల్లజాతి మగవాళ్ళకు ఇంకా ఎక్కువ కష్టాలు లేవా? జైళ్ళ నిండా వాళ్ళే కదా?

జైళ్ళ విషయం నిజమే. కానీ ఎవరి బాధ ఎక్కువ అన్నది ఇక్కడ ప్రశ్నే కాదు. మగవాడికి జరిగేదాన్ని నమూనాగా పెట్టుకుని జాతి వివక్షను కొలిస్తే, ఆడదానికి జరిగేది ఆ కొలతలో పడదు. ఆసుపత్రిలో, ఇంటి పనిలో, ప్రసవంలో జరిగేవి జైలు లెక్కల్లో రావు.

## చిన్నతనం, బడి

చిన్నపిల్లల దగ్గర కూడా ఈ తేడా ఉంటుందా?

ఉంటుంది, అదీ చాలా ముందుగానే మొదలవుతుంది. జార్జ్‌టౌన్ లా స్కూలు పరిశోధకులు 2017లో పెద్దవాళ్ళను అడిగి చూశారు. అదే వయసు తెల్లపిల్లతో పోలిస్తే నల్లజాతి ఆడపిల్లకు లాలన తక్కువ చాలు, రక్షణ తక్కువ చాలు, దాని పని అది చూసుకోగలదు, పెద్దవాళ్ళ సంగతులు దానికి ముందే తెలుసు అని పెద్దవాళ్ళు అనుకుంటున్నట్టు తేలింది. ఈ భావన 5 ఏళ్ళ పిల్లల నుంచే కనపడింది.

దీని ఫలితం క్లాసురూములో చూడవచ్చు. ఒక పిల్ల ఎదురు మాట్లాడితే అల్లరి. ఇంకో పిల్ల అదే మాట అంటే పొగరు, సస్పెన్షన్. మగపిల్లవాడైతే భయపెట్టేవాడిగా చూస్తారు. ఆడపిల్లను చిన్నపిల్లగా చూడటమే మానేస్తారు. జాతి ఒకటే, పడే ముద్ర వేరు.

జుట్టు గురించి అంత గొడవెందుకు? స్కూల్లో, ఆఫీసులో రూలు అందరికీ ఒకటే కదా?

రూలు అందరికీ ఒకటే. దాన్ని పాటించడానికి ఒక్కొక్కరు పెట్టే ఖర్చు, పడే నొప్పి ఒకటి కాదు. బిగుతుగా చుట్టలు తిరిగే జుట్టు "నీట్‌గా" సాఫుగా కనపడాలంటే కాల్చిన ఇనప దువ్వెనతో సాగదీయాలి, లేదా రసాయనం పట్టించి మాడు మండుతున్నా ఓర్చుకుని కూర్చోవాలి. చెవి తగలకుండా ముందుకు మడిచి పట్టుకో అని తల్లి చెబుతుంటే, వేడి దువ్వెన పొగలు కక్కుతూ పక్క నుంచి వెళ్ళడం అక్కడి ఆడపిల్లల చిన్ననాటి జ్ఞాపకం. ఆ బాధ లేకుండా జుట్టును కాపాడుకునే మార్గాలు తలకు అంటిపెట్టి వరసలుగా అల్లే సన్నజడలు, లేదా పాయలుగా వదిలే జటలు. కంపెనీలు వద్దన్నవి సరిగ్గా వాటినే.

1981లో ఒక విమానయాన సంస్థలో పనిచేసే రెనీ రోజర్స్ సన్నజడల మీద నిషేధాన్ని కోర్టులో సవాలు చేసి ఓడిపోయింది. జడలు పుట్టుకతో వచ్చినవి కావు, మార్చుకోవచ్చు అన్నది కోర్టు వాదన. 2010లో అలబామాలో ఒక నల్లజాతి యువతికి ఉద్యోగం ఇచ్చి, జటలు తీసేయనన్నందుకు వెనక్కి తీసుకున్నారు. 2016లో ఫెడరల్ అప్పీలు కోర్టు కంపెనీ పక్షానే నిలిచింది. ఆ తర్వాత 2019లో కాలిఫోర్నియా మొదటగా క్రౌన్ యాక్ట్ తెచ్చి, జుట్టు తీరును బట్టి వివక్ష చూపడం జాతి వివక్షే అని చట్టంలో రాసింది. తర్వాత ఇరవైకి పైగా రాష్ట్రాలు అదే దారి పట్టాయి.

ఆరోగ్యం సంగతి కూడా చెప్పాలి. జుట్టు సాఫు చేసే రసాయనాలను ఏడాదిలో నాలుగుసార్లకు మించి వాడినవాళ్ళలో గర్భాశయ క్యాన్సర్ ముప్పు రెట్టింపు కన్నా ఎక్కువగా కనపడిందని అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు 2022లో ప్రకటించారు. వాటిని ఎక్కువగా, చిన్న వయసు నుంచే వాడేది నల్లజాతి మహిళలు. ఆఫీసు డ్రెస్ కోడ్‌లో ఒక లైను మనిషి ఒంటి లోపలి దాకా వెళ్ళగలదు.

## ఉద్యోగం, జీతం

జీతంలో తేడా నిజంగా అంత ఉందా?

పూర్తికాలం పనిచేసే తెల్లజాతి పురుషుడికి డాలరు వస్తే నల్లజాతి మహిళకు దాదాపు మూడింట రెండు వంతులే వస్తోంది. తెల్లజాతి మహిళకు, నల్లజాతి పురుషుడికి వచ్చేదానికన్నా ఇది తక్కువ.

దీనికి పునాది పాత చట్టాల్లో ఉంది. 1935లో వృద్ధాప్య పెన్షన్లు, 1938లో కనీస వేతనం వచ్చినప్పుడు ఇంటి పనివాళ్ళకు, పొలం కూలీలకు ఆ రక్షణ దక్కలేదు. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి ఆడవాళ్ళకు ఎక్కువగా దొరికే పనులు ఆ రెండే. చట్టంలో జాతి అన్న మాటా లేదు, ఆడ అన్న మాటా లేదు. అయినా నల్లజాతి ఆడవాళ్ళలో ఎక్కువమందికి ఆ రక్షణ లేకుండా పోయింది. ఇంటి పనివాళ్ళకు కనీస వేతన చట్టం వర్తించేసరికి 1974 వచ్చింది. ఒక తరంలో చాలామంది పెన్షన్ లేకుండానే ముసలివాళ్ళైపోయారు. పిల్లలకు ఇవ్వడానికి ఇల్లూ మిగలలేదు, పొదుపూ మిగలలేదు.

మా కంపెనీలో ఆడవాళ్ళు ఉన్నారు, నల్లవాళ్ళూ ఉన్నారు. ఇంకా వివక్ష అని ఎలా అంటారు?

ఆ ఆడవాళ్ళు ఎవరు, ఆ నల్లవాళ్ళు ఎవరు అని ఒకసారి చూడండి. మొదటి గుంపంతా తెల్లవాళ్ళు, రెండో గుంపంతా మగవాళ్ళు అయితే డైవర్సిటీ రిపోర్టు బ్రహ్మాండంగా ఉంటుంది, నల్లజాతి మహిళ ఒక్కతీ ఉండదు.

కోర్టుల్లో సరిగ్గా ఇదే జరిగింది. హ్యూస్టన్‌లోని ఒక సంస్థలో ప్రమోషన్ దక్కని నల్లజాతి మహిళ కేసు వేస్తే, ఆ పోస్టు నల్లజాతి పురుషుడికే ఇచ్చాం కదా అన్నారు. 1980లో అప్పీలు కోర్టు ఆ జవాబును ఒప్పుకోలేదు. నల్లజాతి పురుషులనూ, తెల్లజాతి స్త్రీలనూ బాగా చూసుకున్నంత మాత్రాన నల్లజాతి స్త్రీ పట్ల వివక్ష లేనట్టు కాదంది.

ఆసియా మహిళలకు పనికొచ్చే తీర్పు 1994లో హవాయి యూనివర్సిటీ మీద వచ్చింది. లా స్కూల్లో ఒక పదవికి వియత్నాం మూలాలున్న ప్రొఫెసర్ దరఖాస్తు చేసింది, ఇవ్వలేదు. ఒక ఆసియా పురుషుణ్ణి, ఒక తెల్లజాతి మహిళను సానుకూలంగా పరిశీలించారు కాబట్టి వివక్ష లేదని కింది కోర్టు అంది. పై కోర్టు ఆ లెక్కను కొట్టేసింది. ఆసియా స్త్రీల మీద ఉండే అపోహలు, ఆసియా పురుషుల మీద గానీ తెల్లజాతి స్త్రీల మీద గానీ ఉండేవి కావంది. మీటింగులో నోరు మెదపదు, చెప్పింది చేస్తుంది, లీడర్‌గా పనికిరాదు. మన అమ్మాయిల అప్రైజల్ కాగితాల్లో ఈ మాటలు వేరే రూపంలో కనపడుతూనే ఉంటాయి.

లైంగిక వేధింపుల చట్టానికీ జాతికీ సంబంధమేమిటి?

చాలా ఉంది, చాలామందికి తెలియదు. ఆఫీసులో లైంగిక వేధింపు అంటే వివక్షే అని అమెరికా కోర్టులతో ఒప్పించిన తొలి కేసుల్లో ముఖ్యమైనవి వేసింది నల్లజాతి మహిళలే: 1976లో డయాన్ విలియమ్స్, 1977లో పాలెట్ బార్న్స్, చివరికి 1986లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళి గెలిచిన బ్యాంకు ఉద్యోగి మెషెల్ విన్సన్. బానిసత్వం నాటి నుంచీ యజమాని చేతిలో ఏం జరిగినా అడిగే హక్కు లేని ఆడవాళ్ళ మనవరాళ్ళు వీళ్ళు. పని ఇచ్చేవాడికి ఒంటి మీద హక్కు ఉండదు అని చెప్పవలసిన అవసరం వాళ్ళకే ఎక్కువ ఉంది. ఇవాళ ఆ చట్టం అన్ని జాతుల ఆడవాళ్ళకూ రక్షణ.

1991లో అనిటా హిల్ సంగతి చూడండి. సుప్రీంకోర్టుకు నామినేట్ అయిన క్లారెన్స్ థామస్ తనను వేధించాడని ఆమె సెనేట్ కమిటీ ముందు చెప్పింది. కమిటీలో 14 మందీ తెల్లజాతి మగవాళ్ళే. ఇద్దరూ నల్లజాతివాళ్ళే అయినా, ఇది హైటెక్ లించింగ్ (నల్లవాళ్ళను గుంపుగా పట్టుకుని చంపే పాత దారుణం) అని థామస్ అనగానే జాతి కథ అంతా ఆయన పక్షాన చేరింది. ఆమె ఒక ఆడ ఫిర్యాదుదారుగా మిగిలిపోయింది. ఆమె కూడా నల్లజాతి మనిషే అన్న సంగతి ఎక్కడా లెక్కకు రాలేదు. థామస్ 52–48 ఓట్లతో జడ్జి అయ్యాడు.

మీటూ అన్న మాటను 2006లోనే వాడింది తరానా బర్క్ అనే నల్లజాతి కార్యకర్త. అది 2017లో సినిమా తారల నోట వచ్చాక ప్రపంచమంతా వింది.

అమెరికాలో పనిచేస్తున్న తెలుగు అమ్మాయిని. ఫిర్యాదు చేయాలంటే జాతి అని పెట్టాలా, ఆడ అని పెట్టాలా?

వర్తించేవన్నీ పెట్టండి. ఫెడరల్ సమాన ఉపాధి అవకాశాల కమిషన్, అంటే ఈఈఓసీ దగ్గర ఇచ్చే ఫిర్యాదులో జాతి, రంగు, మతం, లింగం, జాతీయ మూలం అన్నిటికీ గళ్ళుంటాయి. ఒక్కటే ఎంచుకోవాలన్న నియమం లేదు. ఒకటే టిక్ పెట్టి తర్వాత కోర్టులో రెండోది ఎత్తితే, అది ముందు చెప్పలేదని అవతలి లాయరు పట్టుకుంటాడు.

గడువు జరిగిన రోజు నుంచి 180 రోజులు. రాష్ట్రంలో అలాంటి సంస్థే ఉంటే 300 రోజులు. చట్టం వర్తించాలంటే కంపెనీలో కనీసం 15 మంది ఉద్యోగులు ఉండాలి. వీసా మీద ఉన్నవాళ్ళకూ ఈ రక్షణ ఉంది, ఫిర్యాదు చేసినందుకు కక్ష తీర్చుకోవడం విడిగా చట్టవిరుద్ధమే. తేదీ, అన్న మాట, పక్కన ఎవరున్నారు అన్నవి ఏ రోజుకారోజు సొంత ఫోనులో రాసుకోండి, ఆఫీసు లాప్‌టాప్‌లో కాదు. ఉద్యోగం పోతే వీసాకు తక్కువ గడువే ఉంటుంది కాబట్టి, లేబర్ లాయరుతో పాటు ఇమ్మిగ్రేషన్ లాయరుతో కూడా మాట్లాడాకే ముందుకు వెళ్ళండి.

## గర్భం, కాన్పు, ఆసుపత్రి

డబ్బూ చదువూ ఉంటే ఆసుపత్రిలో ఈ తేడాలు ఉండవు కదా?

అందరూ అలాగే అనుకుంటారు. లెక్కలు వేరే చెబుతున్నాయి. అమెరికా ప్రభుత్వ లెక్కల ప్రకారం 2023లో లక్ష కాన్పులకు తల్లుల మరణాలు తెల్లజాతి మహిళల్లో 14.5, నల్లజాతి మహిళల్లో 50.3. మూడు రెట్లకు మించి. 2007–2016 మధ్య మరణాలను పరిశీలిస్తే, డిగ్రీ చదివిన నల్లజాతి మహిళల్లో ఈ ముప్పు డిగ్రీ చదివిన తెల్లజాతి మహిళల కన్నా 5.2 రెట్లు ఉంది. స్కూలు చదువు పూర్తిచేయని తెల్లజాతి మహిళ కన్నా కూడా ఎక్కువే.

టెన్నిస్ క్రీడాకారిణి సెరీనా విలియమ్స్‌కు 2017 సెప్టెంబరులో ఆపరేషన్ చేసి కూతుర్ని తీశారు. మర్నాడు ఊపిరి అందలేదు. ఆమెకు ముందే ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉంది, ఏం జరుగుతోందో ఆమెకు తెలుసు. సీటీ స్కాన్ తీయండి, రక్తం పలచబడే మందు ఎక్కించండి అని నర్సుతో చెప్పింది. నొప్పి మందుల మత్తులో ఏదో మాట్లాడుతోంది అనుకుందా నర్సు. ముందు కాళ్ళకు అల్ట్రాసౌండ్ చేశారు, ఏమీ కనపడలేదు. పట్టుబట్టి స్కాన్ తీయించుకున్నాక ఊపిరితిత్తుల్లో గడ్డలు బయటపడ్డాయి. లోకంలో తన ఒంటి గురించి ఆమె కన్నా బాగా తెలిసినవాళ్ళు ఎంతమంది ఉంటారు? ఆమె మాటకే ఆ గతి అయితే, ప్రభుత్వ బీమా మీద వచ్చిన ఇరవై ఏళ్ళ అమ్మాయి మాట ఎవరు వింటారు?

నమ్మకపోవడం వెనక నేర్చుకున్న అబద్ధాలు ఉన్నాయి. 2016లో వర్జీనియా యూనివర్సిటీ పరిశోధనలో, నల్లవాళ్ళ చర్మం మందంగా ఉంటుందనే లాంటి తప్పుడు నమ్మకాల్లో కనీసం ఒకదాన్ని దాదాపు సగం మంది తెల్లజాతి వైద్య విద్యార్థులు, శిక్షణలో ఉన్న డాక్టర్లు నిజమనుకున్నారు. ఇంక ఆడవాళ్ళ నొప్పిని టెన్షన్ అని, ఎక్కువ చేస్తోందని కొట్టిపారేయడం మనకూ తెలిసిందే.

స్త్రీ వైద్యానికి ఆద్యుడని పేరున్న డాక్టర్ సిమ్స్ విగ్రహం ఎందుకు తీసేశారు?

మేరియన్ సిమ్స్ 1840ల్లో అలబామాలో, కాన్పులో గాయపడి మూత్రం కారిపోతూ ఉండే ఫిస్టులా సమస్యకు ఆపరేషన్ కనిపెట్టాడు. నేర్చుకున్నది బానిస స్త్రీల ఒంటి మీద, మత్తు ఇవ్వకుండా. వాళ్ళలో మూడు పేర్లే చరిత్రకు దక్కాయి: అనార్కా, లూసీ, బెట్సీ. అనార్కాకు దాదాపు 30 ఆపరేషన్లు చేశాడు. ఒప్పుకోవడానికీ కాదనడానికీ ఆమెకు హక్కు లేదు, ఆమె ఇంకొకరి ఆస్తి. న్యూయార్క్ సెంట్రల్ పార్క్ నుంచి ఆయన విగ్రహాన్ని 2018 ఏప్రిల్‌లో తొలగించారు.

పిల్లలు వద్దనుకునే హక్కు కోసం అమెరికా ఆడవాళ్ళు పోరాడారు కదా, అందులో జాతి ఎక్కడుంది?

తెల్లజాతి మహిళలు అడిగింది గర్భం వద్దనుకునే హక్కు. నల్లజాతి మహిళలకు అదీ కావాలి, దాంతో పాటు బిడ్డను కనే హక్కు కూడా కావాలి. 1961లో మిసిసిపీలో ఫానీ లూ హేమర్ చిన్న గడ్డ తీయించుకోవడానికి ఆసుపత్రికి వెళితే చెప్పకుండానే గర్భసంచి తీసేశారు. అలా ఎంతమందికి చేశారంటే ఆ ఆపరేషన్‌కు జనంలో "మిసిసిపీ అపెండిసైటిస్ ఆపరేషన్" అని పేరు పడింది. 1973లో అలబామాలో 14, 12 ఏళ్ళ అక్కచెల్లెళ్ళకు ప్రభుత్వ నిధులతో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేశారు. చదువురాని తల్లి, ఇంజెక్షన్ల కోసమే అనుకుని కాగితం మీద గుర్తు పెట్టింది. అందుకే 1994లో నల్లజాతి మహిళల బృందం ఒకటి, కనడం, కనకపోవడం, కన్న బిడ్డను క్షేమంగా పెంచుకోవడం మూడూ కలిపి అడగాలని ప్రత్యుత్పత్తి న్యాయం అనే మాటను ముందుకు తెచ్చింది.

## ఓటు, పోలీసులు

అమెరికాలో ఆడవాళ్ళకు 1920లోనే ఓటు వచ్చింది కదా?

రాజ్యాంగంలో వచ్చింది. దక్షిణాదిలో నల్లజాతి మహిళలకు అక్షరాస్యత పరీక్షలు, ఓటు పన్ను, బెదిరింపులు అడ్డం పెట్టారు. నిజంగా ఓటు చేతికొచ్చింది 1965 ఓటు హక్కుల చట్టంతో. అంతకు ముందు ఉద్యమంలోనూ ఇదే తీరు. 1913 వాషింగ్టన్ ఊరేగింపులో నల్లజాతి మహిళలు వెనక వరసలో నడవాలన్నారు. ఐడా బి. వెల్స్ ఒప్పుకోలేదు. ఊరేగింపు కదిలాక పక్క నుంచి వచ్చి తన ఇల్లినాయ్ బృందంలోనే కలిసి నడిచింది.

పోలీసుల చేతిలో చనిపోయిన నల్లజాతి మహిళల పేర్లు మనకు ఎందుకు తెలియవు?

పోలీసు హింస అంటే మగవాడి మీద, వీధిలో, కెమెరా ముందు జరిగేది అన్న బొమ్మ మనసులో ఉంది కాబట్టి. బ్రియానా టేలర్‌ను 2020 మార్చి 13 అర్ధరాత్రి దాటాక లూయివిల్‌లో తన ఇంట్లోనే కాల్చారు. వీడియో లేదు. మే 25న పోలీసుల చేతిలో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి పురుషుడు చనిపోయాకే దేశమంతటా ఆమె పేరు మారుమోగింది. ఇలాంటి పేర్లు మరుగున పడకూడదని క్రెన్షా, ఆమె సహచరులు "సే హర్ నేమ్" (ఆమె పేరు పలకండి) అనే ఉద్యమాన్ని అంతకు ముందే మొదలుపెట్టారు.

## మన సంగతి

కులం, జాతి ఒకటేనా? మనకూ ఇది వర్తిస్తుందా?

ఒకటి కాదు. పుట్టుక కారణంగా మనిషిని కింద పెట్టడం మాత్రం రెండిటిలోనూ ఉంది. 2001లో డర్బన్‌లో జరిగిన ఐక్యరాజ్యసమితి జాతి వివక్ష వ్యతిరేక మహాసభలో కులాన్ని కూడా చేర్చాలని దళిత సంఘాలు అడిగాయి, భారత ప్రభుత్వం వ్యతిరేకించింది. 2002లో ఐక్యరాజ్యసమితి జాతి వివక్ష నిర్మూలన కమిటీ, పుట్టుకను బట్టి చూపే వివక్షలో కులం కూడా వస్తుందని స్పష్టం చేసింది.

దళిత స్త్రీ మీద దాడి జరిగితే అది కుల సమస్యా, ఆడవాళ్ళ సమస్యా?

ఇలా అడగడంలోనే చిక్కుంది. 1985 జూలైలో అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో, మాదిగపల్లె తాగే చెరువు నీళ్ళను మురికి చేస్తుంటే అడ్డుకున్నది మున్నంగి సువార్తమ్మ. నీళ్ళు మోసేది ఆడవాళ్ళు, ఆ మురికి ముందు కనపడేదీ వాళ్ళకే. కొట్టబోతే చేతిలోని బిందె ఎత్తింది. మర్నాడు ఊరి అగ్రకుల భూస్వాములు పల్లె మీద పడి ఆరుగురిని చంపారు, ముగ్గురు ఆడవాళ్ళ మీద అత్యాచారం చేశారు. చనిపోయిన మగవాళ్ళ సంఖ్య అందరికీ గుర్తు. ఆ ముగ్గురి గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ.

జోగిని ఆచారమూ అంతే. ఊరి దేవత పేరు చెప్పి ఆడపిల్లను ఊరి మగవాళ్ళకు వదిలేయడం. ఆ పిల్లలు ఎక్కువగా మాల, మాదిగ ఇళ్ళ నుంచే ఎందుకు వచ్చారన్నది కులం లేకుండా చెప్పలేం, మగపిల్లవాణ్ణి ఎందుకు వదల్లేదన్నది లింగం లేకుండా చెప్పలేం. ఆంధ్రప్రదేశ్‌లో 1988లో దీన్ని చట్టంతో నిషేధించారు.

మన కోర్టులు దీన్ని ఎప్పుడైనా గుర్తించాయా?

గుర్తించాయి, అదీ ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన కేసులోనే. పుట్టుకతో చూపులేని దళిత యువతిపై ఇంట్లోవాళ్ళకు తెలిసినవాడే అత్యాచారం చేశాడు. 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, జస్టిస్ చంద్రచూడ్ రాసిన తీర్పులో, ఆడది కావడం, దళితురాలు కావడం, చూపు లేకపోవడం విడివిడిగా పనిచేయవని, కలిసి ఆమెను ఆ స్థితిలో నిలబెట్టాయని వివరంగా చెప్పింది. అత్యాచారానికి యావజ్జీవ శిక్షను నిలబెట్టింది.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద వేసిన శిక్షను మాత్రం కొట్టేసింది. నేరం నాటి చట్టం ప్రకారం, బాధితురాలి కులం కారణంగానే చేశాడని రుజువు కావాలి. ఆ రుజువు విడిగా లేదంది. 2016 జనవరి 26 నుంచి అమలైన సవరణలో, బాధితురాలి కులం తెలిసి చేస్తే చాలు అని మార్చారు. మన దగ్గర కేసు పెట్టేటప్పుడు అది ఎఫ్ఐఆర్‌లోనే రాయించాలి: నిందితుడికి ఆమె ఎవరో, ఏ కులమో ముందే తెలుసా, ఎలా తెలుసు. తర్వాత చేర్చడం కష్టం.

మనం అమెరికాలో వివక్షకు గురయ్యేవాళ్ళమా, చూపేవాళ్ళమా?

రెండూ. ఆఫీసులో యాసను వెక్కిరిస్తే నొచ్చుకునే మనమే, ఇల్లు కొనేటప్పుడు నల్లవాళ్ళు లేని ఏరియా చూడమంటాం. అల్లుడు తెల్లవాడైతే ఫోటోలు పంచుతాం, నల్లజాతి కోడలైతే ఫోను ఎత్తం. కులాన్నీ వెంట తీసుకెళ్ళాం. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించవలసి వచ్చింది. ఇది చెప్పడానికి నాకు బాధగానే ఉంది, కానీ మన ఇళ్ళలో జరిగేది మనమే చెప్పాలి.

హెచ్-4 వీసా మీద వచ్చాను. భర్త కొడుతున్నాడు. బయటికి వస్తే వీసా పోతుందని భయం. ఏం చేయాలి?

ఇక్కడ వలస చట్టం, ఇంట్లో మగవాడి పెత్తనం ఒకదానికొకటి తోడవుతాయి. హెచ్-4 భార్య వీసా భర్త వీసా మీద ఆధారపడి ఉంటుంది. ఉద్యోగం చేయాలంటే అనుమతి కావాలి, అది 2015 నుంచి కొందరికే దొరుకుతోంది. డబ్బు, కాగితాలు, అద్దె ఒప్పందం అన్నీ అతని పేరు మీదే. పోలీసులను పిలిస్తే ఇంగ్లీషు బాగా వచ్చిన భర్త చెప్పిందే ముందు రాసుకుంటారు.

దారి లేకుండా లేదు. భర్త హింసకు గురైన హెచ్-4 మహిళలు విడిగా పని అనుమతికి దరఖాస్తు చేసుకునే వీలు ఉంది, ఆ ఫారం పేరు ఐ-765వీ. భర్త సంతకం అక్కర్లేదు. పాస్‌పోర్టు, వీసా, ఐ-94, పెళ్ళి సర్టిఫికెట్ ఫోటోలు తీసి మీకు మాత్రమే తెలిసిన ఈమెయిల్‌కు పంపుకోండి. దెబ్బ తగిలితే డాక్టరుకు ఎలా తగిలిందో ఉన్నది ఉన్నట్టు చెప్పండి, ఆ రికార్డే తర్వాత సాక్ష్యం. ప్రాణభయం ఉంటే 911. జాతీయ గృహహింస హెల్ప్‌లైన్ 1-800-799-7233 రాత్రీపగలూ పనిచేస్తుంది, డబ్బు తీసుకోరు. "తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలి" అని అడగండి, లైన్లోకి తీసుకుంటారు. అతను మీ ఫోను చూస్తాడని అనుమానం ఉంటే పక్కింటివాళ్ళ ఫోను నుంచో, లైబ్రరీ నుంచో చేయండి.